పదిహేను నిమిషాల లోపు

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ ఆ కాగితం వచ్చింది. రెండు పేజీలు, కింద సంతకం, సంతకం మీద ముద్ర. అంటుజ్వరం తిరుగుతోంది కాబట్టి జిల్లా దాటి వెళ్లొచ్చిన పిల్లలు పద్నాలుగు రోజులు బడికి రాకూడదు. ఇంట్లో ఇంకెవరు వెళ్లొచ్చినా పిల్లలకు అంతే. టీచర్లకూ ఆఫీసు వాళ్లకూ కూడా అదే రూలు. ఆ రోజుల్లో హాజరు పట్టీలో గైర్హాజరు వేయకూడదట. ప్రయాణం అని అర్థమయ్యేలా 'ప్ర' అని రాయాలట, అదీ ఆకుపచ్చ సిరాతో. ఈ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో రాశారు, ఎలా అంటుకుంటుందో రాశారు. ఆకుపచ్చ సిరా ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాయలేదు.

హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "పట్టీలు చూసేది మీరు. ఇక ఇది మీ నెత్తినే" అంది. పన్నెండేళ్లుగా ఈ బడి హాజరంతా నా నెత్తినే ఉంది, ఇంకో రెండు పేజీలు బరువా అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తుంటే తట్టింది. నా కూతురు మిరియం ఉండే ఊరు జిల్లా అవతల.

ఆగస్టు 5

ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఎత్తాడు.

"చూశాను. ఇక్కడా అదే రూలు" అన్నాడు. "నీ దగ్గరికి వచ్చి వెళ్తే పద్నాలుగు రోజులు బడి పోతుంది. పైగా ఆ పద్నాలుగు రోజులూ ముసలివాళ్లున్న ఇంట్లో ఉంచకూడదట. మా అమ్మకి ఉబ్బసం, నీకు తెలియంది కాదు. నన్నేం చెయ్యమంటావ్?"

"మీరేం చేస్తారు. రూలు రూలే" అన్నాను. నా గొంతు నాకే ఆఫీసు కిటికీ లోంచి వచ్చినట్టు వినిపించింది.

"కొన్నాళ్లు ఆగుదాం మరి."

మంచివాడే. విడిపోయిన మనిషి మంచివాడైతే వచ్చే తిప్పలు ఇవే, తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చడు. మూడేళ్ల క్రితం రాసుకున్న ఒప్పందాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. బడి రోజులు తన దగ్గర, రెండు వారాలకో శనివారం, ఆదివారం నా దగ్గర. తనే తెచ్చి బస్టాండులో దింపి, తనే వచ్చి తీసుకెళ్తాడు.

మొన్న శనివారం ఎలాగూ కుదరలేదు. అంటే మిరియాన్ని చూసి ఇవాళ్టికి పదహారు రోజులు.

ఆగస్టు 11

ఈ వారం రోజుల్లో ఇరవై మూడు మందిని వెనక్కి పంపాను. బడి మొత్తానికి నా అంత చెడ్డది ఇప్పుడు ఇంకెవరూ లేరు. ఒకావిడ, తాము సరిహద్దు రాయి దాకా వెళ్లి ఫొటో దిగి వచ్చామే తప్ప అవతల కాలు పెట్టలేదని వాదించింది. సాక్ష్యానికి ఆ ఫొటోనే చూపించింది. అందులో వాళ్లాయన రాయికి అవతలి వైపు నిలబడి నవ్వుతున్నాడు.

మధ్యాహ్నం లారీ డ్రైవరు వచ్చాడు. వాళ్ల పాప మూడో తరగతి.

"మేడమ్, నా పనే తిరగడం. వారానికోసారి ఇంటికొస్తాను. వచ్చిన ప్రతిసారీ మీరు లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలెడితే మా పాప బడికి వచ్చేదెప్పుడు? దానికి పెళ్లయ్యాకా?"

"మీరు ఇంటికి రాకపోతే పాప బడికి వస్తుంది" అన్నాను.

ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ నమస్కారం ఎందుకో తెలియలేదు. రూలు ప్రకారం నేను సరిగ్గానే చెప్పాను.

సరిగ్గానే చెప్పాను.

ఆగస్టు 16, శనివారం

మిరియం రావాల్సిన శనివారం. ఇల్లు ఊడ్చాను. తన దుప్పటి ఉతికి ఆరేశాను. ఎవరూ కప్పుకోని దుప్పటి ఎందుకు ఉతికావే అంటే ఏం చెప్పను.

ఆగస్టు 17

నాకేం బాధ లేదు. ఒక్క ఆదివారమే కదా.

ఆగస్టు 21

లారీ డ్రైవరు పాప పది రోజుల్నించి ఇంట్లోనే ఉంది, ఇంకో నాలుగు రోజుల్లో బడికి వస్తుంది. లెక్క చెడిపోకుండా ఆయన ఇంటికి వెళ్లడం మానేశాడట. వీధి చివర లారీ ఆపుకుని అందులోనే పడుకుంటున్నాడని ఆయా చెప్పింది. నేను చెప్పిన మాటే చేశాడు. చేస్తాడని అనుకోలేదు.

మిరియం ఫోన్ చేస్తుందని తొమ్మిదింటి దాకా చూశాను. రేపు నేనే చేస్తాను.

ఆగస్టు 26

పాప నిన్న వచ్చింది. ఇవాళ విరామం బెల్లు కొట్టగానే ప్రహరీ గోడ అవతల లారీ డ్రైవరు తల కనిపించింది. ఏదో ఎక్కి నిలబడ్డాడు. పాప ఇవతల నిలబడి పైకి చూస్తూ ఏదో చెబుతోంది. నేను విసవిసా వెళ్లాను.

"ఇదేం పనండీ? ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు మొదటికి తెస్తారా?"

"గోడ ఉంది కదా మేడమ్ మధ్యలో. గోడ అవతల నిలబడితే కూడా లెక్కేనా?"

నాకు తెలియలేదు. పన్నెండేళ్ల సర్వీసులో ఒక తండ్రి అడిగినదానికి తెలియదని మొదటిసారి అన్నాను. ఆఫీసుకొచ్చి రెండో పేజీ వెతికాను. చిన్న అక్షరాల్లో ఉంది. ప్రయాణం చేసి వచ్చిన మనిషికి రెండు మీటర్ల లోపు, పదిహేను నిమిషాలకు మించి గడిపిన పిల్లలకే పద్నాలుగు రోజులు వర్తిస్తుంది. గోడల గురించి ఏమీ లేదు.

వెళ్లి చెప్పాను. ఆయన బెల్లు కొట్టినప్పట్నుంచి లెక్కేసి, ఫోన్లో పద్నాలుగో నిమిషానికి అలారం పెట్టుకున్నాడు. అది మోగగానే దిగిపోయాడు. విరామం ఇరవై నిమిషాలు. మిగిలిన ఆరు నిమిషాలూ రోడ్డుకి అవతలి పక్కన నిలబడి, గేటు సందులోంచి పాపకి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఇవాళ పట్టీలు పూర్తి కాలేదు. కిటికీ దగ్గరే ఉండిపోయాను.

ఆగస్టు 30, శనివారం

ఇంకో శనివారం. ఈసారి ఫోన్ తనే చేసింది.

"అమ్మా, పరుగు పందెం జట్టులో నన్ను తీసుకున్నారు. నాలుగు వందల మీటర్లు. మా తరగతిలో నేనొక్కదాన్నే."

"ఎప్పుడు?"

"సెప్టెంబర్ పంతొమ్మిది. పెద్ద మైదానంలో. మిగతా బళ్ల వాళ్లు కూడా వస్తారు. అందుకే ఇంక నాకు రావడం కుదరదులే. రోజూ పొద్దున, సాయంత్రం పరిగెత్తాలి."

కుదరదులే. ఆ చివరి 'లే' ఎంత తేలిగ్గా అనేసింది. చిన్నప్పుడు మిరియం అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఇంత ఉండేది, నోట్లో పడితే మంట తెలిసేది. పిట్ట కొంచెం, కూత ఘనం. అలాంటిది ఇప్పుడు అంత చల్లగా మాట్లాడుతోంది.

నా మీద బెంగగా లేదా అని అడగాలనుకున్నాను. "రోజూ జ్వరం చూసుకుంటున్నావా?" అని అడిగాను.

"ఊఁ" అంది.

ఆగస్టు 31

పరుగు పందెం మంచిదే. కాళ్లు గట్టిపడతాయి.

సెప్టెంబర్ 3

తప్పు చేశాను. ఒకటో తరగతి పట్టీలో ముప్పై ఒక్క మందికీ వరసగా ఆకుపచ్చ సిరాతో 'ప్ర' రాసేశాను. చెయ్యి దాని దారిన అది పోయింది. హెడ్‌మిస్ట్రెస్ పట్టీ తెచ్చి నా ముందు పెట్టి, "ముప్పై ఒక్క మందీ మనకు చెప్పకుండా ఎక్కడికి వెళ్లారండీ? క్లాసు టీచరు పాపం గోడలకి పాఠం చెబుతోందా?" అంది.

నవ్వాను. నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆవిడ చూసింది. చూడనట్టు నటించడం ఆవిడకి చేతకాదు, అందుకని కిటికీ వైపు తిరిగి వాన వచ్చేలా ఉందంది. ఎండ మండిపోతోంది.

సెప్టెంబర్ 8, సోమవారం

లారీ డ్రైవరు అలారం మోగాక దిగి, ఇవాళ రోడ్డు దాటకుండా నా కిటికీ దగ్గరికి వచ్చాడు, దూరంగానే నిలబడి.

"మేడమ్, మీకు పిల్లలున్నారా?"

ఉందన్నాను. జిల్లా అవతల ఉంటుందని, ఈ రూలు వల్ల ఏడు వారాలుగా రాలేదని చెప్పాను.

"రూలు పాప రాకూడదంటోంది. మీరు వెళ్లకూడదని ఎక్కడుంది?"

"వెళ్లొస్తే నేను పద్నాలుగు రోజులు ఇంట్లో కూర్చోవాలి. ఈ ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే."

"అవునవును" అన్నాడు. ఎగతాళి చెయ్యలేదు. ఎగతాళి చేసినా బాగుండేది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధం రాస్తూ వచ్చాను. ఆగస్టు రెండో తేదీ శనివారం కుదరలేదని రాశాను. కుదరకపోవడం కాదు. ఆ రోజుకి రూలూ లేదు, కాగితమూ లేదు. నేనే వద్దన్నాను. సోమవారం తనిఖీకి వస్తున్నారని, పట్టీలన్నీ ఇంటికి తెచ్చుకున్నానని, తను వస్తే పని సాగదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. రెండు వారాలే కదా అన్నాను. తను సరే అంది. ఆ సోమవారం తనిఖీ వాళ్లు రాలేదు. కాగితం వచ్చింది.

అందరికీ రూలు వల్ల అని చెప్పుకుంటున్నాను. ఇప్పుడు తనకి నేను అక్కర్లేదేమో అని నాకు భయం. ఆఫీసులో ఒక్కదాన్నే అన్నది కాదు, ఈ భయమే నన్ను బస్సు ఎక్కనివ్వనిది. గేటు దాకా వెళ్లాక తను రాకపోతే ఏం చెయ్యను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత మంట తగ్గుతుందేమో. చేతులు ముడుచుకుని కూర్చుంటే అదీ లేదు.

నాకు నా పిల్లని చూడాలని ఉంది. ఏడు వారాలుగా ఇంకేమీ లేదు నాకు.

సెప్టెంబర్ 9

సెలవు అడిగాను. జిల్లా దాటి వెళ్తున్నానని, వచ్చాక పద్నాలుగు రోజులు రానని చెప్పాను.

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇన్నాళ్లకి అడిగారు. పట్టీలు నేను చూసుకుంటాను. వచ్చాక నా దస్తూరీ చూసి ఏడవకండి, ముందే చెబుతున్నాను."

మిరియం వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను. "రా. గేటు దగ్గరైతే మాట్లాడొచ్చు. బడిలో నేను చెప్పి ఉంచుతాను" అన్నాడు. మళ్లీ, "దానికి చెప్పమంటావా?" అన్నాడు. వద్దన్నాను. చెబితే రానంటుందేమో.

సెప్టెంబర్ 11, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడు గంటల ప్రయాణం. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్లాను, బస్సు దిగేసరికి ఒక్క ముక్క మిగల్లేదు. గేటు ఇనప కమ్మీలది. లోపల స్టూలు మీద ముసలి వాచ్‌మన్, చేతిలో పుస్తకం. ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. నిజమే చెప్పాను. ఆయన స్టూలు రెండు మీటర్లు వెనక్కి జరుపుకున్నాడు.

"పాపని పిలిపిస్తాను. గేటు తియ్యనమ్మా. పదిహేను నిమిషాల లోపే, తెలుసుగా?"

"నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు" అన్నాను.

విరామం బెల్లు కొట్టారు. మిరియం మెట్ల దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసి పదడుగుల దూరంలో ఆగిపోయింది. తర్వాత నడిచి వచ్చింది. పొడుగైంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు. ఎప్పుడు కత్తిరించారో నాకు తెలియదు.

"ఎందుకొచ్చావ్?"

"నిన్ను చూడాలనిపించి."

"ఇప్పుడా?"

"రూలు వచ్చింది కదా, అందుకని..."

"రూలు సోమవారం వచ్చింది. నువ్వు వద్దన్నది శనివారం." గొంతు పెంచలేదు. "నేను బ్యాగు సర్దుకుని చెప్పులు కూడా వేసుకున్నాను. నాన్న బండి తీశాడు. అప్పుడు ఫోన్ చేశావ్."

చెప్పులు వేసుకుందని నాకు తెలియదు. వాళ్ల నాన్న చెప్పలేదు. మంచివాడు.

"తప్పు నాదే" అన్నాను. "కాగితాలు చూసుకుంటూ నిన్ను వద్దన్నాను. అది తలుచుకోని రోజు లేదు. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదు నాకు. నీకు నేను అక్కర్లేదేమో అని భయపడి ఇన్నాళ్లూ రాలేదు. ఈ మాట చెప్పడానికే వచ్చాను."

మిరియం కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి వేడిగా ఉంది, పరిగెత్తి వచ్చింది కాబట్టి. ముందు జ్వరమేమో అనుకున్నాను, నా బుద్ధి అంతే.

"పట్టుకుంటే లెక్కా?"

"పట్టుకుంటే కాదు. పదిహేను నిమిషాలు దాటితే లెక్క."

"తాతా, ఎన్నయ్యాయి?"

"ఆరు" అన్నాడు వాచ్‌మన్.

మిరియం ఆలోచించింది. అది ఆలోచిస్తుంటే కింది పెదవి లోపలికి పోతుంది, ఏడాది పిల్లగా ఉన్నప్పట్నుంచీ అంతే.

"దాటితే నేను బడికి రాకూడదు."

"రాకూడదు."

"నానమ్మ దగ్గర కూడా ఉండకూడదు."

"ఉండకూడదు."

"మరి ఎక్కడుండాలి?"

అబద్ధం చెప్పొచ్చు. తెలియదనొచ్చు. రూలు నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ గేటుకి అటు గానీ ఇటు గానీ ఎవరూ లేరు.

"నా దగ్గర" అన్నాను. "పద్నాలుగు రోజులు. కానీ నీ పందెం పంతొమ్మిదిన. ఎనిమిది రోజులే ఉంది. ఇంకో ఎనిమిది నిమిషాలు ఇలాగే మాట్లాడుకుని, తర్వాత చెయ్యి వదులు. నేను రోడ్డు అవతల నిలబడతాను, బెల్లు కొట్టే దాకా. వచ్చే వారం మళ్లీ వస్తాను. నిజంగా వస్తాను."

"నాలుగు వందల మీటర్లు నేను ఎంతలో పరిగెడతానో తెలుసా?"

"తెలియదు."

"తొంభై సెకన్లు. రోజూ పొద్దున, సాయంత్రం పరిగెత్తి పరిగెత్తి తొంభైకి తెచ్చాను." నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది. "నాకు పరిగెత్తడం ఇష్టం. చాలా ఇష్టం. మా సార్ తిడతాడు, జట్టులోంచి తీసేస్తాడు. కానీ అది తొంభై సెకన్లే కదమ్మా."

తర్వాత మేం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. జుట్టు ఎప్పుడు కత్తిరించుకున్నావంటే ఆగస్టులో అంది. నువ్వు చిక్కిపోయావంది. నా చెయ్యి నేను లాగేసుకోవచ్చు. పదకొండేళ్ల పిల్ల పట్టు ఎంత, వెనక్కి రెండడుగులు వేస్తే చాలు. లారీ డ్రైవరు వచ్చిన ప్రతిసారీ వేస్తున్నాడు ఆ రెండడుగులూ, నేను చెప్పబట్టే. ఇరవై మూడు మందిని, ఆ తర్వాత ఇంకెందరినో వెనక్కి పంపిన దాన్ని. వెయ్యలేదు. కంచే చేను మేసింది. ఎవరేమన్నా అననీ.

"అమ్మా, పద్నాలుగు" అన్నాడు వాచ్‌మన్. మెల్లగా, గుర్తుచేస్తున్నట్టు.

మిరియం నా వైపు చూసింది. ఆ చూపులో ధైర్యం లేదు, వద్దంటావా అని అడుగుతోంది. ఆ శనివారం ఫోన్లో సరే అన్నప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటుంది దాని మొహం. నేను రెండో చెయ్యి కూడా కమ్మీల మధ్య నుంచి పెట్టి దాని చేతి మీద వేశాను.

పిల్లల గోలలో ఇంకేమీ వినిపించలేదు. కాసేపటికి బెల్లు కొట్టారు. అందరూ లోపలికి పరిగెత్తారు, మిరియం తప్ప. వాచ్‌మన్ నిట్టూర్చి, పుస్తకం తెరిచి, గడియారం చూసుకుని, తరగతి అడిగి రాసుకున్నాడు. ఎంతసేపు అనే గడిలో పదిహేడు నిమిషాలు అని పైకి చదువుతూ రాస్తున్నాడు.

మిరియం కమ్మీలకి మొహం ఆనించి ముక్కు ఎగబీల్చి, "తాతా, పదిహేడు కాదు. పద్దెనిమిది రాయండి" అంది.